అన్నం తగ్గించిన శాకాహారికి ప్రొటీన్ ఎక్కడి నుంచి?

ఉప్పల్‌వాసి
అందరికీ నమస్కారం. మా అమ్మకు 62 ఏళ్లు, బరువు 60 కిలోలు. షుగర్ బయటపడ్డాక డాక్టరు గారు అన్నం బాగా తగ్గించమన్నారు. రోజు మొత్తానికి పిండిపదార్థాలు వంద గ్రాములు దాటకుండా చూసుకుంటున్నాం. షుగర్ అదుపులోకి వచ్చింది, అందుకు సంతోషమే. కానీ మనిషి నీరసించిపోయింది. రెండో అంతస్తుకు రావాలంటే పిట్టగోడ పట్టుకుని ఆగి ఆగి ఎక్కుతోంది. చేతుల్లో కండ తగ్గినట్టు చూస్తేనే తెలుస్తోంది.

మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. చేతికిచ్చిన డైట్ కాగితంలో గుడ్డు, చేప, చికెన్ కొట్టేస్తే మిగిలింది కీరదోస, పెరుగు. అన్నం తగ్గిన చోటును అమ్మ బీరకాయ, సొరకాయ కూరలతో నింపుకుంటోంది. రోజూ పప్పు తింటూనే ఉన్నాం కదా, ప్రొటీన్ ఎందుకు చాలదు? పప్పు ఇంకా పెంచితే పిండిపదార్థాలు పెరుగుతాయంటున్నారు. ఏది నిజం? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పోషకాహార విద్యార్థిని
ఉప్పల్‌వాసి గారూ, మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. అన్నం తీసేస్తే పోయేది పిండిపదార్థం ఒక్కటే అనుకుంటాం. నిజానికి మన ఇళ్లలో ప్రొటీన్‌లో పెద్ద వాటా వచ్చేది బియ్యం నుంచే. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకు తినే మనిషికి 24 గ్రాములు అక్కడే వచ్చేస్తాయి. దాన్ని 60 గ్రాములకు తగ్గిస్తే 5 గ్రాములు మిగులుతాయి. ఆ పోయిన 19 గ్రాములను బీరకాయ, సొరకాయ ఇవ్వలేవు. వాటిలో ఉండేది నీరు, కాస్త పీచు.

ఇక పప్పు సంగతి. ఉడకని కందిపప్పు వంద గ్రాముల్లో 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. కానీ ఒక మనిషి పూటకు తినే పప్పులో పడే కందిపప్పు 30 గ్రాములకు మించదు. టమాటా పప్పు, దోసకాయ పప్పు అయితే ఇంకా తక్కువ. అంటే గిన్నెడు పప్పులో దక్కేది ఆరేడు గ్రాములు. దానితోపాటు పదహారు గ్రాముల పిండిపదార్థం వస్తుంది. పప్పులో ప్రొటీన్ ఉంది, కానీ ఒక్క పప్పు మీదే భారం వేస్తే పిండిపదార్థాల లెక్క తప్పుతుంది. మీరు విన్న రెండు మాటలూ నిజమే.

అమ్మగారికి ఎంత కావాలంటే, జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో బరువుకు 0.83 గ్రాములు. అంటే 60 కిలోలకు 50 గ్రాములు. ఆ లెక్క నాణ్యమైన ప్రొటీన్‌కు వేసింది. పప్పులు, ధాన్యాల మీదే ఆధారపడేవాళ్లకు కిలోకు ఒక గ్రాము దాకా కావాలి. అరవై దాటినవారిలో కండ నిలవాలంటే కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు మంచిదని వృద్ధాప్య పోషణ నిపుణులు చెబుతున్నారు. ఆ లెక్కన అమ్మగారి లక్ష్యం 60 నుంచి 70 గ్రాములు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇప్పుడు అందులో సగం కూడా అందుతున్నట్టు లేదు.

ఫార్మసీ కౌంటర్
వంటల సంగతికి వెళ్లేముందు ఒక్క మాట. దయచేసి దీన్ని దాటేయకండి. అమ్మగారు ఏ మాత్రలు వాడుతున్నారు? దపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతూ పిండిపదార్థాలు మరీ తగ్గిస్తే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు షుగర్ రీడింగ్ పెద్దగా పెరగకపోవచ్చు కూడా. అందుకే ఇంట్లోవాళ్లు గుర్తించలేరు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ వాడుతుంటే ఇబ్బంది మరో వైపు నుంచి వస్తుంది. తిండి తగ్గి మోతాదు తగ్గకపోతే షుగర్ పడిపోతుంది.

ప్రొటీన్ పెంచేముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. కిడ్నీలు బాగుంటే ఇక్కడ చెబుతున్న మోతాదుకు భయం లేదు. దెబ్బతిని ఉంటే మాత్రం ఎంత తినాలో డాక్టరే తేల్చాలి. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బి12 తగ్గే అవకాశం ఉంది. గుడ్డు, మాంసం తినని ఇంట్లో అది ముందే తక్కువగా ఉంటుంది. నీరసానికి, కాళ్ల తిమ్మిర్లకు అదీ కారణం కావచ్చు. ఆ పరీక్ష కూడా ఇదే చేత్తో చేయించండి.

ఉప్పల్‌వాసి
మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతోందండీ. క్రియాటినిన్ మామూలుగానే ఉంది. మూత్ర పరీక్ష, బి12 చేయించలేదు. ఈ వారంలోనే చేయిస్తాను. చాలా కృతజ్ఞతలు.

విశ్రాంత ఉపాధ్యాయుడు
నాకు 74 ఏళ్లు. మా నాన్నగారు జీవితాంతం పప్పన్నం, పచ్చడి, మజ్జిగతో గడిపారు. తొంభై ఏళ్లు నిలువుగా నడిచారు. ఈ గ్రాముల లెక్కలు లేని కాలంలో జనం బతకలేదా? తిండిని త్రాసులో వేయడం మొదలుపెట్టాక ఆనందం పోతుందని నా అభిప్రాయం.

పోషకాహార విద్యార్థిని
మాస్టారూ, మీ మాటను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ తరం పొలాల్లో, నడకల్లో ఖర్చు చేసిన శక్తికి తగ్గట్టు అన్నం కూడా అంత తిన్నారు. ఆ అన్నంతోనే ప్రొటీన్ కూడా నిండేది. పాడి ఉన్న ఇల్లయితే పాలు, పెరుగు, వెన్నకు కొదవ లేదు. ఇవాళ అదే పళ్లెం ముందు కూర్చునేది రోజంతా కుర్చీలో ఉండే మనిషి, లేదా షుగర్ వచ్చిన మనిషి. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా చేసిన అధ్యయనం ఒకటి 2025లో వెలువడింది. మనవాళ్లు తీసుకునే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని, ప్రొటీన్ వాటా 12 శాతమేనని అందులో తేలింది. పిండిపదార్థాల్లో కొంత భాగాన్ని పప్పులు, పాల నుంచి వచ్చే ప్రొటీన్‌తో మార్చుకున్నవారికి షుగర్ వచ్చే ముప్పు తక్కువని కూడా చెప్పారు. ఆ మార్పుకు శాకాహారం అడ్డు కాదు. అందుకే ఆ మాట నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

త్రాసు కూడా ఎల్లకాలం అక్కర్లేదు. వారం పాటు తూచి చూస్తే గిన్నెడంటే ఎంతో చేతికి తెలిసిపోతుంది.

తార్నాక నివాసి
లెక్కల విషయంలో నాదొక మనవి. ఫోన్‌లోని విదేశీ యాప్‌లు ‘ఒక కప్పు పప్పు 18 గ్రాములు’ అని చూపిస్తాయి. అది వాళ్లు వండుకునే చిక్కటి పప్పు లెక్క. మన పప్పుచారుకు అది వర్తించదు. జాతీయ పోషకాహార సంస్థ మా తార్నాకలోనే ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మన దేశంలో తినే 528 ఆహారపదార్థాలను పరీక్షించి 2017లో పట్టికలు ప్రచురించారు. కందిపప్పు, మినప్పప్పు, ఉలవలు, పాలకూర అన్నీ అందులో ఉన్నాయి. అందులో ఎక్కువ విలువలు వండని పదార్థానికే ఇచ్చారు కాబట్టి, కుక్కర్‌లో వేసేముందు పప్పు ఎంతో చూసుకుని మనుషుల సంఖ్యతో భాగిస్తే చాలు. ఇంతకంటే నమ్మకమైన లెక్క లేదు.

మీల్‌మేకర్ అభిమాని
ఇంతమంది ఇంత రాశారు, మీల్‌మేకర్ పేరు ఒక్కరూ ఎత్తలేదు! వంద గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 50 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. నూనె తీసేసిన సోయా పిండి అది. శాకాహారంలో ఇంత చవకగా, ఇంత చిక్కగా ప్రొటీన్ ఇచ్చేది నాకు తెలిసి ఇంకోటి లేదు. ముప్పై గ్రాములు, అంటే పెద్ద గుప్పెడు వేస్తే మనిషికి 15 గ్రాములు దక్కుతాయి. పిండిపదార్థం పది గ్రాముల లోపే, అందులోనూ కొంత పీచు.

చాలామందికి దాని వాసన నచ్చదు. అది వండే తీరులో ఉంది. మరిగే నీళ్లలో ఉప్పు వేసి అయిదు నిమిషాలు ఉంచండి. చల్లటి నీళ్లలోకి మార్చి రెండు చేతులతో గట్టిగా పిండండి. మొదట వచ్చే నీళ్లు నురగతో పసుపుపచ్చగా ఉంటాయి. మళ్లీ మంచినీళ్లు పోసి, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండాలి. అప్పుడు పచ్చి వాసన పోతుంది. తరువాత పెరుగు, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం పట్టించి అరగంట పక్కన పెట్టండి. పళ్ల ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకైతే మిక్సీలో ఒక్కసారి తిప్పి ఆపితే ఖీమాలా అవుతుంది. ఉల్లిపాయ, మెంతికూర వేయించి అందులో వేసి, ఆఖర్లో నిమ్మరసం పిండితే అన్నం లేకుండానే తినవచ్చు. మా ఇంట్లో పాలకూరతో కూడా చేస్తాం.

మల్కాజిగిరి గృహిణి
సోయా ఆడవాళ్లకు మంచిది కాదని, థైరాయిడ్ వస్తుందని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అంటున్నారు. నిజమా?

ఫార్మసీ కౌంటర్
అమ్మా, అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో రోజూ మామూలు మోతాదులో సోయా తింటే థైరాయిడ్ జబ్బు వస్తుందనడానికి ఆధారం లేదు. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం మాత్రకు, సోయాకు మధ్య నాలుగు గంటల ఎడం ఉంచాలి. సోయా ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వదు. పరగడుపున మాత్ర వేసుకుని మధ్యాహ్నం మీల్‌మేకర్ కూర తింటే ఇబ్బంది లేదు. మరొకటి, సోయా గింజల పిండిని పచ్చిగా మజ్జిగలో కలుపుకుని తాగకండి. బాగా ఉడికితేనే అందులోని ప్రొటీన్ అరుగుతుంది.

జిమ్ కుర్రాడు
అన్నా, ఇంత శ్రమ దేనికి? ఒక చెంచా వే ప్రొటీన్ పొడి నీళ్లలో కలిపితే 24 గ్రాములు వచ్చేస్తాయి. అది పాల నుంచే తీస్తారు కాబట్టి శాకాహారమే. పిండిపదార్థం రెండు మూడు గ్రాములు మించదు.

పోషకాహార విద్యార్థిని
తమ్ముడూ, లెక్క సరైనదే. కానీ జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ప్రొటీన్ పొడులు వద్దనే చెప్పాయి. కొన్నింటిలో చక్కెర, కృత్రిమ తీపి, రుచి కోసం కలిపేవి ఉంటాయని హెచ్చరించాయి. తిండితో సరిపోయే మనిషికి పొడి అవసరం లేదని నేనూ నమ్ముతాను. ఆపరేషన్ అయి కోలుకుంటున్నవారికో, నాలుగు ముద్దలు కూడా తినలేని వృద్ధులకో డాక్టరు రాస్తే అది వేరే సంగతి. పొడికి అలవాటుపడిన ఇంట్లో వంట మారదు. అమ్మగారికి మారాల్సింది వంటే.

పెసరట్టు ప్రియ
ఇడ్లీ మానేసి పెసరట్టుకు మారడం మా ఇంట్లో జరిగిన అతి పెద్ద మార్పు. యాభై గ్రాముల పొట్టు పెసలతో రెండు చిన్న అట్లు వస్తాయి. ప్రొటీన్ 11 గ్రాములు. పొట్టు తీయకుండా, బియ్యం కలపకుండా రుబ్బాలి. బియ్యం లేకపోతే పెనానికి అంటుకుంటుందని భయపడతారు. నానిన పెసలు మరీ మెత్తగా కాకుండా కాస్త బరకగా రుబ్బి, వెంటనే పోస్తే చక్కగా లేస్తుంది. మా అత్తగారు అల్లం పచ్చడిలో బెల్లం వేసేవారు. ఇప్పుడు దాని బదులు పల్లీ పచ్చడి చేస్తున్నాం. ఇరవై గ్రాముల పల్లీలతో మరో 5 గ్రాములు.

మొలకలు కూడా మంచివే, కానీ మొలకెత్తిస్తే ప్రొటీన్ పెరుగుతుందనేది అపోహ. నీరు చేరి బరువు పెరుగుతుంది, గిన్నె నిండుగా కనిపిస్తుంది, అంతే. అరుగుదల, సి విటమిన్ మెరుగవుతాయి.

అమీర్‌పేట హాస్టల్
నాది వేరే సమస్య. నేను కోచింగ్ కోసం వచ్చి హాస్టల్‌లో ఉంటున్నాను. బరువు తగ్గాలని అన్నం తగ్గించాను. ఇక్కడ సాంబారులో పప్పు వెతుక్కోవాలి. వంట చేసుకునే వీలు లేదు. పుట్నాలు తింటే సరిపోతుందా?

బేగంబజార్ బేరగాడు
తమ్ముడూ, పుట్నాల్లో ప్రొటీన్ ఎంత ఉందో దానికి రెండింతలకు పైగా పిండిపదార్థం ఉంది. గుప్పెడు తిను, దాని మీదే ఆధారపడకు. నీకు నప్పేవి పల్లీలు, గుమ్మడి గింజలు. వంద గ్రాముల పల్లీల్లో 24, గుమ్మడి గింజల్లో 30 గ్రాముల దాకా ఉంటుంది. నూనె గింజలు కాబట్టి శక్తి ఎక్కువ. బరువు తగ్గాలనుకునేవాడివి కాబట్టి పిడికిలి దాటనివ్వకు. బేగంబజార్‌లో కిలోల లెక్కన కొంటే సూపర్‌మార్కెట్ పొట్లాల కంటే బాగా తక్కువకు వస్తాయి. నలుగురు కలిసి వెళ్లి పంచుకోండి. కొనేముందు రెండు గింజలు నోట్లో వేసుకుని చూడు. ముక్కిన వాసన వస్తే ఎంత చవకైనా వద్దు.

సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగే బదులు ఉడకబెట్టిన పల్లీల బండి వెతుక్కో. భోజనంలో పెరుగు పొట్లం ఒకటి అదనంగా కొనుక్కో. రెండు వందల గ్రాముల పెరుగులో ఆరేడు గ్రాములు వస్తాయి.

పాలపొంగు
పెరుగు మాట వచ్చింది కాబట్టి పనీర్ గురించి చెబుతాను. లీటరు పాలకు 150 నుంచి 200 గ్రాముల పనీర్ వస్తుంది. గేదె పాలైతే ఎక్కువ. వంద గ్రాముల్లో 18 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. నేను ఇంట్లోనే విరుస్తాను. పాలు పొంగగానే పొయ్యి కట్టేసి, రెండు నిమిషాలు ఆగి, నిమ్మరసంలో నీళ్లు కలిపి కొద్దికొద్దిగా పోయాలి. ఒక్కసారి పోస్తే పనీర్ గట్టిపడి రబ్బరులా సాగుతుంది. నీళ్లు లేత ఆకుపచ్చగా తేటపడితే విరిగినట్టు. పల్చటి బట్టలో వడకట్టి, చన్నీళ్లతో ఒకసారి కడిగి, పంపుకు కట్టి వేలాడదీస్తాను. వడకట్టిన నీళ్లు పారబోయకుండా చారులో పోస్తాను.

బయట కొనేవాళ్లు పొట్లం మీద ‘అనలాగ్’ అని ఉందేమో చూడండి. అది పాల కొవ్వు బదులు వేరే నూనెతో చేసింది, ప్రొటీన్ కూడా తక్కువ ఉండవచ్చు. పిండి కలిపారన్న అనుమానం ఉంటే ముక్కను నీళ్లలో ఉడికించి చల్లార్చి రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. నీలం రంగు తిరిగితే పిండి ఉన్నట్టే.

కంది పొడి
పోషకాహార విద్యార్థిని గారూ, ఒక సందేహం. అన్నం, పప్పు కలిపి తింటేనే ప్రొటీన్ పూర్తవుతుందని చదువుకున్నాం. అన్నం తగ్గిస్తే పప్పులోని ప్రొటీన్ సగం వృథా అయినట్టేనా?

పోషకాహార విద్యార్థిని
చాలా మంచి ప్రశ్న. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న భాగాలతో తయారవుతుంది. వాటిలో లైసిన్ అనేది పప్పుల్లో ఎక్కువ, మిథియోనిన్ అనేది తక్కువ. బియ్యంలో దానికి తిరగేసి ఉంటుంది. అందుకే ఆ జంట కుదిరింది. అన్నం తగ్గించినప్పుడు ఆ మిథియోనిన్ మరో చోటి నుంచి రావాలి. నువ్వుల్లో అది బాగా ఉంటుంది. చిక్కుడుకాయ వేపుడు మీదో, ఉడికించిన బొబ్బర్ల మీదో రెండు చెంచాల నువ్వుల పొడి చల్లితే ఆ లోటు చాలావరకు తీరుతుంది. పాలు, పెరుగు, పనీర్ ఏవైనా పక్కన ఉంటే ఇక దిగులే లేదు. అన్నీ ఒకే ముద్దలో ఉండాలన్న నియమం లేదు. రోజు మొత్తంలో అందితే సరిపోతుంది.

ఉప్పల్‌వాసి గారూ, అందరూ చెప్పినవి కలిపి అమ్మగారికి ఒక రోజు రాస్తాను. పొద్దున పొట్టు పెసరట్టు, పల్లీ పచ్చడి, 16 గ్రాములు. మధ్యాహ్నం మీల్‌మేకర్ పాలకూర, చిన్న గిన్నెడు అన్నం, కప్పు పెరుగు కలిపి 23. సాయంత్రం మజ్జిగ, గుమ్మడి గింజలు, 7. రాత్రి ఎనభై గ్రాముల పనీర్ పొరటు, కాప్సికమ్ లేదా బీన్స్ కూర, 17. మొత్తం 63. పిండిపదార్థాలు వంద లోపే ఉంటాయి. ఒక పూటకే అంతా కుక్కకుండా ఇలా పంచడం పెద్దవాళ్ల కండకు ముఖ్యం. మీల్‌మేకర్ రోజూ వద్దు, మధ్యలో ఉలవలు, అలసందలు, రైతుబజారులో దొరికే పచ్చి అనపగింజలు మార్చుకోండి. వాటిలో పిండిపదార్థం ఉంది కాబట్టి ఆ పూట అన్నం మానేయాలి. పళ్లెంలో కూర, పనీర్ ముందు తిని అన్నం చివర్లో తింటే భోజనం తరువాత షుగర్ తక్కువ పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మనకు అలవాటైన వరస కాదు గానీ, ప్రయత్నించండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు
తల్లీ, చక్కగా చెప్పావు. నువ్వుల పొడి మాట మా ఇంట్లోనూ అమలు చేయిస్తాను. ఒక్కటి జోడిస్తాను. తిన్నది కండ కావాలంటే కదలాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పూటకు పదిసార్లు చేయమని నాకు ఫిజియోథెరపిస్టు నేర్పారు. అమ్మగారికీ చెప్పు నాయనా, మొదట్లో పక్కన ఒకరు నిలబడండి.

ఉప్పల్‌వాసి
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. కాగితం మీద రాసి వంటింట్లో అంటించాను. అమ్మ ఒక్కటే అడుగుతోంది, ఏకాదశి ఉపవాసం సంగతేమిటని. ఆ రోజు పప్పులు, ధాన్యాలు ముట్టదు. సగ్గుబియ్యం, చిలగడదుంప తింటుంది.

మల్కాజిగిరి గృహిణి
ఆ రెండూ అచ్చంగా పిండిపదార్థాలేనండీ, సగ్గుబియ్యంలో అయితే ప్రొటీన్ దాదాపు లేదు. మా ఇంట్లో ఏకాదశికి పాలు, పెరుగు, పనీర్, పల్లీలు, బాదం తింటారు. పల్లీలు కొందరి ఆచారంలో ఉండవు, అమ్మగారిని అడిగి చూడండి. పొద్దున గ్లాసు పాలు, మధ్యాహ్నం సైంధవ లవణం వేసి నేతిలో వేయించిన పనీర్, సాయంత్రం చిక్కటి పెరుగులో నానబెట్టిన బాదం. మాత్రల వేళలు, మోతాదు గురించి మాత్రం డాక్టరును ముందే అడగండి, ఉపవాసం రోజు ఉదయం కాదు.